అభికేంద్ర బలం: ఈ మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, తెలుగు మీడియం. తాడు కట్టి తిప్పే రాయి బొమ్మలో తాడు లాగే బలానికి ఒక బాణం, అభికేంద్ర బలానికి ఇంకో బాణం గీసింది. రెండోది తప్పని లెక్చరర్ గారు కొట్టేశారట. పాఠంలో పేరు పెట్టి మరీ చెప్పిన బలాన్ని బొమ్మలో చూపిస్తే తప్పెలా అవుతుంది?

జవాబు: లెక్చరర్ గారు చేసింది సరైనదేనండీ. 'అభి' అంటే వైపుగా అని. అభిముఖంలో ఉన్నది అదే. ప్రియుడి దగ్గరికి తానే బయల్దేరే నాయిక అభిసారిక, అందులోనూ అదే. అభికేంద్రం అంటే కేంద్రం వైపు. బలం ఎటు పనిచేస్తోందో ఈ మాట చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు.

మనందరికీ వ్యాకరణం తెలుసు కాబట్టి ఇలా చెబుతాను. 'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్నప్పుడు రాముడు కర్త. 'కౌసల్య రాముణ్ణి ఎత్తుకుంది' అన్నప్పుడు అదే రాముడు కర్మ. కర్త అనేది వాక్యంలో ఒక పాత్ర. అభికేంద్రం కూడా అలాంటి పాత్రే. తిరిగే రాయికి ఆ పాత్ర తాడు బిగువుది (పుస్తకాల్లో తన్యత అంటారు), చంద్రుడికి భూమి ఆకర్షణది, మలుపు తిరిగే బస్సుకి టైర్లకీ రోడ్డుకీ మధ్య ఉన్న ఘర్షణది. రాముడి పక్కన కర్త అని ఇంకో మనిషిని నిలబెట్టం కదా, రెండో బాణం కూడా అంతే.

ఆ పాత్రకు ఎంత బలం కావాలన్నది మాత్రం లెక్కే చెబుతుంది: ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగించాలి. 100 గ్రాముల రాయిని మీటరు వ్యాసార్ధంలో సెకనుకు 2 చుట్లు తిప్పితే దాదాపు 16 న్యూటన్లు కావాలి. అంటే రాయి బరువుకి 16 రెట్లు! చుట్లు రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

ఈ భావానికి పేరు పెట్టిన తీరు కూడా నాకు చాలా ఇష్టం. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ దీన్ని రాయి వైపు నుంచి చూసి, లాటిన్‌లో 'కేంద్రం నుంచి పారిపోయే బలం' అన్నాడు. న్యూటన్ అదే మాటను తిరగేసి 'కేంద్రాన్ని కోరి వెళ్లే బలం' అన్నాడు. ఆయన గ్రంథం ప్రిన్సిపియా రెండో ముద్రణలో (1713) ఆ నిర్వచనం కింద ఇచ్చిన ఉదాహరణల్లో వడిసెల ఉంది. మన రైతులు మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి తిప్పిన వడిసెలే! తాడు వదిలిన క్షణాన రాయి కేంద్రం నుంచి తిన్నగా బయటికి పోదు, అప్పటికి ఎటు వెళుతోందో అటే, స్పర్శరేఖ వెంట పోతుంది.

ప్రశ్న: మరి అపకేంద్ర బలం లేనట్టేనా? బస్సు మలుపు తిరిగితే పక్కకి ఒరిగిపోతాం కదా.

జవాబు: ఈ 'అప' అపహరణంలో ఉన్న 'అప', దూరంగా అని అర్థం. అపకీర్తి, అపశకునం అలవాటై చెడ్డ అనే అర్థం గుర్తుకొస్తుంది గానీ ఇక్కడ అది లేదు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి మీరు తిన్నగానే వెళ్తున్నారు, బస్సే మీ కింద తిరిగింది. బస్సులో కూర్చుని, బస్సునే ఆధారంగా పెట్టుకుని లెక్క వేస్తే మాత్రం అపకేంద్ర బలాన్ని చేర్చుకోక తప్పదు. అందుకే దాన్ని మిథ్యాబలం అంటారు. మిథ్య అన్నారని కొట్టిపారేయకండి, తిరిగే చట్రంలో, అంటే తిరిగే బస్సునే ఆధారంగా తీసుకున్నప్పుడు, అది లేకపోతే లెక్క కుదరదు.

అమ్మాయి గీసిన బొమ్మ బయట నుంచి చూసినది. కాబట్టి అందులో ఉండాల్సినవి రెండే బాణాలు: తాడు వెంట తన్యత, కిందికి రాయి బరువు. ఈ బరువు వల్లే తలపైన అడ్డంగా తిప్పినా తాడు పూర్తిగా అడ్డంగా ఉండదు, కొద్దిగా కిందికి వాలుతుంది. తన్యతలో కేంద్రం వైపు ఉన్న అడ్డపు భాగమే అక్కడ అభికేంద్రం.