అస్థిభవనమా, అస్థీభవనమా?

ఎఫ్.ఓ.పి. (ఫైబ్రోడిస్ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా) అనే అరుదైన వ్యాధిని తెలుగులో ‘రాతి మనిషి జబ్బు’ అనవచ్చా అని అడిగారు. అనకూడదని నా అభిప్రాయం. ఈ వ్యాధిలో కండరాలూ, వాటిని ఎముకలకు కట్టి ఉంచే పట్టీల వంటి కణజాలమూ రాయిలా గట్టిపడటం లేదు, లోపల మజ్జతో సహా నిజమైన ఎముకగానే మారిపోతున్నాయి.

ఈ మార్పును చెప్పడానికి ‘అస్థీభవనం’ అన్న మాట చక్కగా సరిపోతుంది, అయితే ‘స్థీ’కి దీర్ఘం తప్పనిసరి. సంస్కృతంలో ‘చ్వి’ ప్రత్యయం చేరినప్పుడు, అంతకుముందు అది కానిది ఇప్పుడు అది అవుతున్నదనే అర్థం వస్తుంది. దీనినే అభూతతద్భావం అంటారు. బడిలో చదువుకున్న ద్రవీభవనం, బాష్పీభవనం ఈ కోవలోవే. హ్రస్వంతో ‘అస్థిభవనం’ అని రాస్తే ఎముకల మేడ అనే అర్థం స్ఫురిస్తుంది. ఎముక కానిది ఎముక కావడమే ఈ వ్యాధి లక్షణం కనుక, ఆ ఒక్క దీర్ఘంలోనే రోగస్వరూపం అంతా ఇమిడి ఉందని నాకు అనిపిస్తుంది.

‘వంశపారంపర్య వ్యాధి’ అనే మాటను కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. 2006లో పరిశోధకులు గుర్తించిన కారణం ఏసీవీఆర్1 అనే జన్యువులోని ఒకే ఒక అక్షరం మార్పు. దానివల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 206వ స్థానాన ఉండవలసిన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనే మరొకటి చేరుతుంది, ఎముకను పెంచమనే సంకేతం అదుపు తప్పుతుంది. తల్లిదండ్రులలో ఏ ఒక్కరి నుండి ఈ మారిన జన్యువు వచ్చినా వ్యాధి కలుగుతుంది. కానీ చాలామంది రోగుల విషయంలో తల్లిదండ్రులిద్దరికీ ఈ మార్పు ఉండదు, అది బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. అందుచేత ‘జన్యు వ్యాధి’ అనడమే న్యాయం. ‘వంశంలో ఉంది’ అన్న మాట ఆ తల్లిదండ్రులపై లేని నింద మోపుతుంది.

ఆ తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు సంస్కృత పదం కూడా అక్కరలేదు. ‘కండ ఎముకగా మారుతుంది’ అంటే చాలు; చ్వి ప్రత్యయం చేసే పనిని మన ‘గా’ చేస్తుంది. ‘కండ గట్టిపడింది’ అని మాత్రం చెప్పకూడదు. గట్టిపడినదాన్ని కోసి తీసేయవచ్చు కదా అని వారు అనుకునే ప్రమాదం ఉంది, కోసిన చోటనేమో మళ్ళీ కొత్త ఎముక పుడుతుంది. పుట్టుకతోనే కాలి బొటనవేళ్ళు పొట్టిగా, లోపలికి వంగి ఉండటం ఈ వ్యాధికి తొలి గుర్తు అనే సంగతి కూడా ఇంతే తేట మాటల్లో వారికి అందాలి.