మూడో నెలకే వెనకబడిన గ్రాంటు ప్రాజెక్టు: ప్రణాళికను మళ్లీ గీయాలా?

ప్రశ్న:
మా మూడేళ్ల ప్రాజెక్టుకు గ్రాంటు మంజూరైంది. ప్రతిపాదనలోని గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతలతో చూపే పట్టిక) ప్రకారం మొదటి నెలలో ఇద్దరు సహాయకులు చేరాలి, నాలుగో నెలకు పరికరం రావాలి, ఐదో నెలలో రోగుల నుంచి నమూనాల సేకరణ మొదలవ్వాలి. ఇప్పుడు మూడో నెల నడుస్తున్నా నియామక ప్రకటనే వెలువడలేదు. చార్టును మార్చుకోవాలా, లేక ఉన్నదాన్నే అందుకోవడానికి ప్రయత్నించాలా?

జవాబు 1:
మార్చుకోండి. ప్రతిపాదనలోని చార్టు నిధులిచ్చేవారిని ఒప్పించడానికి గీసినది కాబట్టి, మన చేతిలో లేని ఎదురుచూపులు అందులో సాధారణంగా కనిపించవు. ‘నియామకం’ అని ఒక్క గడిలో రాసిన పనిని విప్పి చూస్తే ప్రకటన, దరఖాస్తుల గడువు, ఇంటర్వ్యూ, ఉత్తర్వు, ఎంపికైన వ్యక్తి పాత ఉద్యోగం నుంచి విడుదల కావడం అని అయిదు మెట్లు తేలతాయి. పరికరం విషయంలోనూ అంతే. అది గుమ్మం దాకా వచ్చాక కూడా బిగింపు, క్యాలిబ్రేషన్ (కొలతలు సరిగ్గా చూపేలా సరిచూడటం) మిగిలే ఉంటాయి. ఆ తర్వాత క్రిటికల్ పాత్ గుర్తించండి. 1950ల చివర్లో పారిశ్రామిక పనుల కోసం రూపొందిన ఈ పద్ధతి అడిగేది ఒక్కటే: ఏ పని వారం జాప్యమైతే ప్రాజెక్టు మొత్తం వారం వెనక్కి జరుగుతుంది? మీ విషయంలో అది నియామకం కాకపోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ఒక్క నమూనా కూడా తీసుకోలేరు కదా, ఆ దరఖాస్తు ఎంతవరకు వచ్చింది?

జవాబు 2:
పనుల చార్టు పక్కనే ఖర్చుల పట్టికనూ పెట్టుకోవాలి. మంజూరైనది, ఆర్డరు ఇచ్చినది, చెల్లించినది, మిగిలినది అని నాలుగు వరుసలు చాలు. రెండో వరుస లేకపోవడం వల్లే నేను దెబ్బతిన్నాను: ఆర్డరు ఇచ్చిన పరికరం బిల్లు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చింది, నివేదికలో ఆ సొమ్ము ఖర్చు కానట్టే కనిపించింది, తర్వాతి విడత ఆగిపోయింది.

జవాబు 3:
మొదటి సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. లోపలి చార్టును నెలనెలా సవరించుకోవచ్చు గాని, ఒప్పందంలో రాసిన మైలురాళ్లను మీ అంతట మీరు జరపకండి. నిధుల సంస్థకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. అదనపు నిధులు లేని గడువు పొడిగింపును కూడా చివరి నెలలో అడిగితే ఇబ్బందే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇప్పుడే చూశాను, రోగుల సమ్మతి పత్రం ముసాయిదా నా దగ్గరే ఉండిపోవడంతో ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు ఇంకా వెళ్లనే లేదు. నియామకం సంగతి తర్వాత, ముందు దాన్ని పంపిస్తున్నాను.