స్పెక్ట్రోగ్రామ్‌లో క్రాకిల్‌కి, చర్మం రాపిడికి తేడా ఎలా కనిపెడుతున్నారు?

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్‌తో ఊపిరితిత్తుల శబ్దాలు రికార్డ్ చేసి, స్పెక్ట్రోగ్రామ్‌గా (అడ్డంగా సమయం, నిలువుగా ఫ్రీక్వెన్సీ చూపే బొమ్మగా) మార్చి చూస్తున్నాను. పిల్లికూతల వరకు ఇబ్బంది లేదు. స్క్రీన్ మీద అడ్డంగా సాగిన గీత, దానిపైన హార్మోనిక్స్ (రెట్టింపు, మూడు రెట్లు ఫ్రీక్వెన్సీల దగ్గర పడే గీతలు) ఉంటే అవి కూడా, కొత్తవాళ్ళకి చూపించినా వెంటనే పట్టుకుంటారు.

చిక్కంతా క్రాకిల్స్ (ఊపిరితిత్తుల్లో వినిపించే చిటపట శబ్దాలు) దగ్గరే. ఒక్కోటి 20 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది, అందుకని ఎఫ్‌ఎఫ్‌టీ విండో (ఫ్రీక్వెన్సీలు లెక్కించడానికి ఒక్కోసారి తీసుకునే శబ్దం ముక్క) పెద్దది పెడితే మసకబారి మామూలు ఊపిరి శబ్దంలో కలిసిపోతుంది, చిన్నది పెడితే నిలువు గీతలా చక్కగా తేలుతుంది కానీ అప్పుడు పిల్లికూత గీత లావెక్కి దాని ఫ్రీక్వెన్సీ ఎంతో చెప్పలేం. పైగా స్టెతస్కోప్ డయాఫ్రమ్ (ఛాతీకి ఆనించే పలక) చర్మం మీద కాస్త జరిగినా, ఛాతీ వెంట్రుకలు రాసుకున్నా అచ్చం అలాంటి నిలువు గీతే పడుతుంది! నాకు టెన్షన్ అంతా దీని గురించే, ఎందుకంటే రాపిడిని క్రాకిల్ అనుకుంటే మనిషికి అక్కర్లేని మందులు పడతాయి.

రెండు విండోలతో రెండు బొమ్మలు వేసి పక్కపక్కన చూడటం మంచిదా, లేక వేవ్‌ఫామ్‌నే (శబ్దం అల గీతనే) సాగదీసి ఆకారం చూడాలా? గుండె చప్పుడు తగ్గించడానికి 150 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) వేస్తే క్రాకిల్ ఆకారమే మారిపోతోంది, దీనికి మీరేం చేస్తున్నారు? ఉచ్ఛ్వాసం, నిశ్వాసం విడిగా గుర్తించడానికి ఛాతీకి బెల్ట్ సెన్సర్ పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? క్రాకిల్ అయితే ప్రతి శ్వాసలో దాదాపు అదే చోట రావాలి కదా, అది తేలితే సగం అనుమానం తీరుతుంది. రోజూ ఈ పని చేసేవాళ్ళు మీ సెట్టింగ్స్‌తో సహా చెబితే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.