నాలుగేళ్ల పాప కళ్ళజోడు పెట్టుకోనంటోంది. తీస్తే మెల్ల ఇంకా ఎక్కువ కనబడుతోంది. ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి అమ్మ:

మాది పర్లాకిమిడి. పాపకి మొన్న దసరాకి నాలుగు నిండాయి. అంగన్‌వాడీకి పిల్లల్ని చూడటానికి వచ్చిన ఆరోగ్య బృందం వాళ్ళు, ఎడమ కన్ను లోపలికి తిరుగుతోంది, పెద్దాసుపత్రిలో చూపించండి అన్నారు. నిజం చెప్పాలంటే మాకు అప్పటికే తెలుసు. ఫోటోల్లో కనబడేది. కానీ మా అత్తగారు మెల్లకన్ను అదృష్టం అంటారు. ఈ పిల్ల పుట్టాకే మామగారి స్థలం తగాదా తేలిందని సాక్ష్యం కూడా చెబుతారు. సరేలే అని ఊరుకున్నాను. అది నా తప్పే.

గుణుపురం ప్యాసింజరు ఎక్కి విశాఖపట్నం తీసుకెళ్ళాం. మూడు రోజులు కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టి మళ్ళీ రమ్మన్నారు. అప్పుడు చూసి కుడి కంటికి ప్లస్ నాలుగున్నర, ఎడమ కంటికి ప్లస్ ఆరు రాశారు. నిద్రలో, స్నానంలో తప్ప తియ్యొద్దన్నారు. రెండు నెలలయ్యాక చూసి, ఎడమ కంటికి పని పెట్టడానికి కుడి కంటిని మూసే ప్యాచ్ వెయ్యాలో అక్కర్లేదో చెబుతారట.

జోడు ఇక్కడే ఒక షాపులో చేయించాం. గులాబీ రంగు ఫ్రేము, పాపే ఏరుకుంది. మొదటి రోజు అద్దం ముందు నుంచి కదల్లేదు. రెండో రోజు నుంచి మొదలైంది గొడవ. పెట్టిన నిమిషానికి జోడు ముక్కు చివరికి జారుతుంది. పాప జోడు పైనుంచి చూస్తుంది. కాసేపటికి తీసి ఎక్కడో పడేస్తుంది. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది, ఇంకోసారి తులసికోట వెనక. నేను అరుస్తాను, అది ఏడుస్తుంది, అత్తగారు వచ్చి పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోతారు. చాక్లెట్ ఇస్తే పది నిమిషాలు ఉంచుకుంటుంది. చాక్లెట్ అయిపోతే జోడూ అయిపోతుంది.

ఇవాళ్టికి 18 రోజులు. నా అసలు టెన్షన్ వేరే. రాత్రి జోడు తీస్తే ఎడమ కన్ను ఇదివరకటి కంటే ఎక్కువగా ముక్కు వైపు పోతోంది. "బాగున్న పిల్లకి అద్దాలు తగిలించి కన్ను చెడగొట్టారు" అని అత్తగారు. మా ఆయనకి బరంపురంలో డ్యూటీ, వారానికోసారి వస్తారు, ఆయనేమో ఫోన్లో "కొన్నాళ్ళు తీసెయ్యి" అంటారు. నిజంగా అద్దాల వల్లే ముదురుతోందా? పైగా అంగన్‌వాడీలో పిల్లలు "చష్మా, చష్మా" అని పిలుస్తున్నారట. నిన్నటి నుంచి వెళ్ళనని మొండికేసింది.

బరంపురం కళ్ళజోళ్ళ షాపు:

అమ్మా, నేను డాక్టర్ని కాను. ఫ్రేములు బిగించేవాణ్ణి, 22 ఏళ్ళుగా ఇదే పని. మీరు రాసినదాంట్లో నాకు కనబడింది ఒకటే: "ముక్కు చివరికి జారుతుంది." మొండితనం గురించి తర్వాత చూద్దాం. ఇవాళ పాప నిద్రపోయాక చెవి మడత వెనక చూడండి. ముక్కు రెండు పక్కలా కూడా చూడండి. ఎర్రగా కమిలిందా, గీత పడిందా? అంత చిన్న పిల్ల నొప్పి అని చెప్పదు, తీసి బియ్యం డబ్బాలో పడేస్తుంది.

ఈ వయసులో ముక్కు దూలం ఇంకా లేవదు, చదునుగా ఉంటుంది. పెద్దవాళ్ళ ఫ్రేమునే చిన్నది చేసి పిల్లల ఫ్రేమని అమ్ముతారు, అది నిలబడదు. ప్లస్ ఆరు అద్దం మధ్యలో మందంగా ఉంటుంది. ఫ్రేము వెడల్పైన కొద్దీ బరువు పెరుగుతుంది, బరువుకి జారుతుంది. జారితే అద్దం నడిమి భాగం కంటిపాపకి ఎదురుగా ఉండదు. అప్పుడు పిల్లకి జోడులోంచి చూడటం కంటే పైనుంచి చూడటమే హాయి. తప్పు పిల్లది కాదు.

చిన్న గుండ్రటి ఫ్రేము, ముక్కు దగ్గర మెత్తటి సిలికాన్, చెవి చుట్టూ వంగే కాడలు, లేకపోతే తల వెనక ఎలాస్టిక్ పట్టీ, ఇవి అడగండి. అద్దం పాలీకార్బొనేట్ అయితే కింద పడ్డా ముక్కలై కంట్లో గుచ్చుకునే భయం తక్కువ. రంగు పాప ఏరుకోవచ్చు. సైజు మాత్రం ఏరుకోకూడదు. ఇంకో మాట, డాక్టరు చీటీ పట్టుకెళ్ళి షాపులో మిషన్ మీద పవర్ చూపించమనండి. కుడి ఎడమలు తారుమారై వచ్చిన జోళ్ళు నా చేతుల మీదుగా పోయాయి. అడగడానికి మొహమాటపడకండి. పొడి కొంగుతో అద్దాలు తుడవకండి, దుమ్ముకి గీతలు పడతాయి. సబ్బు నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో ఒత్తండి చాలు.

గుణుపురం అక్క:

చెల్లీ, మా చిన్నవాడికి మూడున్నర ఏళ్ళప్పుడు ఇదే కథ. రెండు కళ్ళకీ ప్లస్ ఐదు. తీస్తే మెల్ల ఎక్కువైందని నేనూ మా అమ్మా కూర్చుని ఏడ్చాం. డాక్టరమ్మ విడమరిచి చెప్పాక గానీ నిద్ర పట్టలేదు.

ప్లస్ పవర్ ఉన్న పిల్లలు దేన్నైనా స్పష్టంగా చూడాలంటే కంటిని బిగబట్టాలి. అలా బిగబట్టినప్పుడల్లా కళ్ళు లోపలికి తిరుగుతాయి, అది శరీరం తీరు. ఇన్నాళ్ళూ మీ పాప ఆ బరువు ఒంటరిగా మోసింది. ఇప్పుడు అద్దాలు దించాయి. తీయగానే మళ్ళీ ఎత్తుకుంటుంది, అందుకే కన్ను లోపలికి పోతుంది. పైగా పగలంతా తిన్నగా ఉన్న కన్ను చూశాక రాత్రి వంకర మనకే ఎక్కువ కొడుతుంది. అద్దాలు చెడగొట్టలేదు. జోడు పెట్టుకున్నప్పుడు ఒక ఫోటో, తీశాక ఒకటి తీసి మీ అత్తగారి చేతిలో పెట్టండి. నోటితో వాదించకండి. జోడు ఉండగా కూడా కన్ను లోపలికి పోతుంటే మాత్రం రెండు నెలలు ఆగకండి, ఫోన్ చేసి చెప్పండి.

మొదటి వారాల్లో జోడులోంచి దూరం మసకగా కనబడటం కూడా మామూలేనట. కన్ను పాత అలవాటు వెంటనే వదలదు. కొందరికి ఆ బిగింపు వదలడానికి డాక్టర్లు కొన్నాళ్ళు చుక్కల మందు ఇస్తారు. అది వాళ్ళు చెబితేనే. ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్ పెట్టేయకండి.

నేను చేసింది చెబుతాను. పొద్దున్న మంచం దిగక ముందే జోడు. తీసేస్తే ఒక్క మాట అనకుండా మళ్ళీ పెట్టడం. ఏడిస్తే ఐదు నిమిషాలు వదిలేసి మళ్ళీ పెట్టడం. తిట్టు లేదు, చాక్లెట్ లేదు. వాడికి ఇష్టమైన పని మాత్రం జోడుతోనే. చింతపిక్కలు లెక్కపెట్టడం, బొమ్మల పుస్తకం, సాయంత్రం ఒక కార్టూన్. జోడు తీస్తే టీవీ ఆగిపోతుంది, అంతే. మొదటి రోజు ఎనిమిదిసార్లు ఆపాను, నా ఓపిక నాకే ఆశ్చర్యం. మూడో వారానికి వాడే అడిగి పెట్టించుకున్నాడు.

అంగన్‌వాడీ దీదీతో ముందే మాట్లాడండి. మా దీదీ మావాడిని ముందు నిలబెట్టి, అద్దాలు ఎలా తుడుచుకుంటావో చూపించు అంది. మర్నాడు మిగతా పిల్లలు మాకూ తుడవనివ్వు అని లైను కట్టారు.

రాయగడ రిటైర్డ్ మాస్టారు:

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మీది, కాబట్టి వాడుక మాటల్లోనే చెబుతానమ్మా. నాకు 64. నాదీ మెల్లకన్నే, ఎడమది. మా నాయనమ్మ కూడా అదృష్టమనే అంది. ఆ అదృష్టం ఏమిటంటే, కుడి కన్ను మూస్తే ఎదురుగా ఉన్న మనిషి ఎవరో నాకు తెలీదు. సూదిలో దారం ఎక్కించలేను, చిన్నప్పుడు బంతి పట్టలేకపోయేవాణ్ణి. పెద్దయ్యాక అద్దాలు వేయించుకున్నాను. ఎడమ కన్ను అప్పటికే చూడటం నేర్చుకోలేదు, అద్దం ఏం చేస్తుంది? ఏడెనిమిదేళ్ల లోపు అయితే కన్నూ మెదడూ త్వరగా నేర్చుకుంటాయి, తర్వాత కష్టం అన్నారు. ఇప్పుడు ఆ మంచి కంటికే శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవాలంటే నాకున్న భయం రెండు మంచి కళ్ళున్న వాళ్ళకి అర్థం కాదు.

మీ అత్తగారికి ఈ మాట చదివి వినిపించండి. నేను ఆవిడ ఈడువాణ్ణే అని చెప్పండి. కొన్నాళ్ళు తీసెయ్యమన్న మీవారికి కూడా.

మా రాయగడలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళ కేంద్రం ఉంది. పిల్లల కళ్ళకి ప్రత్యేకంగా చూసేవాళ్ళు కావాలంటే వాళ్ళదే విశాఖ హనుమంతవాకలో, భువనేశ్వర్‌లో ఉన్నాయి.

పర్లాకిమిడి అమ్మ (మూడు వారాల తర్వాత):

అందరికీ చెప్పాలని వచ్చాను. షాపు అన్నగారు చెప్పిన రాత్రే టార్చి వేసి చూశాను. రెండు చెవుల వెనకా ఎర్రగా గీత, ఎడమ చెవి దగ్గర చర్మం కొంచెం లేచింది కూడా. ఇన్ని రోజులూ పిల్లని తిట్టాను గానీ చెవి వెనక ఒక్కసారి చూడలేదు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మర్నాడు ఆ షాపుకే వెళ్ళాను. పవర్ సరిగ్గానే ఉంది, కుడి ఎడమలూ సరే. ఫ్రేము మాత్రం మార్చనన్నాడు, డబ్బులు కట్టమన్నాడు. ఇంకోచోట చిన్న ఫ్రేము, మెత్తటి కాడలు, వెనక పట్టీ వేయించాను. చెవి మానేదాకా రెండు రోజులు ఆగి పెట్టాను. జారడం లేదు.

ఫోటోలు అత్తగారికి చూపించాను. మాస్టారి మాటలు కూడా చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. మా ఆయనకి పంపితే "సరే, తీయకు" అని ఒక్క ముక్క రాశారు.

మా ఇంట్లో పర్లాకిమిడిలో కొమ్ముతో చేసే కొంగ బొమ్మ ఒకటి ఉంది, మా మామగారు ఎప్పుడో కొన్నది. పాప ఇప్పుడు రాత్రి పడుకునే ముందు జోడు దాని మెడకి తగిలిస్తుంది. కొంగ రాత్రంతా చూసుకుంటుందట. పొద్దున్న లేచి తనే తీసి పెట్టుకుంటుంది. మధ్యాహ్నం ఇంకా ఒకటి రెండుసార్లు తీసేస్తోంది, అబద్ధం చెప్పను. మొన్న ఆదివారం అలాగే ఎక్కడో పెట్టి మర్చిపోతే, అత్తగారు మంచం కింద వంగి వెతికి తెచ్చి "ఇవి లేకుండా ఎలా కనబడుద్దే నీకు" అని ఆవిడే పట్టీ సర్ది పెట్టారు.

వచ్చే నెల 9న విశాఖపట్నం. ప్యాచ్ అంటారేమో. అప్పుడు మళ్ళీ మిమ్మల్నే అడుగుతాను.