అప్‌డేట్: ఫోల్డ్5కి పెన్ను, కేసు సంగతి

శాంసంగ్ మడత ఫోన్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్5 మీద పాత గెలాక్సీ నోట్ ఫోన్ ఎస్ పెన్ (స్క్రీన్ మీద రాసే పెన్ను) వాడొచ్చా, పెన్ను పెట్టుకునే కేసు ఏది మంచిదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పాత పెన్ను పక్కన పెట్టేశాను. లోపలి స్క్రీన్ మెత్తన, గట్టి మొన తగిలితే గీత పడుతుంది. పైగా పెన్ను, స్క్రీన్ వాడే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు వేరు కాబట్టి దాంతో రాయడం కుదరదు. ఫోల్డ్ ఫోన్ల కోసమే చేసిన 'ఫోల్డ్ ఎడిషన్' ఎస్ పెన్నే కొన్నా. గట్టిగా నొక్కితే మొన లోపలికి వెళ్ళిపోతుంది. మడత దగ్గర చెయ్యి కాస్త గుంటలోకి దిగి లేచినట్టుంటుంది, రాస్తుంటే అలవాటైపోయింది. బయటి స్క్రీన్ మీద మాత్రం ఎస్ పెన్ పనిచేయదు.

అసలు తంటా కేసుతోనే. మొదట తెప్పించినదానికి వెనక అయస్కాంతం ఉంది. సరిగ్గా అది ఉన్నచోట గీత తెగిపోయేది, 'క' రాస్తే తలకట్టు ఎగిరిపోయేది! కేసు తీస్తే మామూలే. అది వాపసు ఇచ్చేసి, అయస్కాంతం లేకుండా వెనకవైపు పెన్ను దూర్చుకునేది తీసుకున్నా. జేబులో లావుగా ఉంటుంది, బల్ల మీద పెట్టి రాస్తే ఊగుతుంది. అయినా ఇదే నయం.

ఫోల్డ్7 కొనాలనుకునేవాళ్ళు చూసుకోండి, 2025లో వచ్చిన ఆ మోడల్‌కి ఎస్ పెన్ సపోర్టే తీసేశారు.