తెలుగు సబ్‌టైటిల్స్‌ని వీడియోలోకి ఎక్కిస్తే వత్తులు విడిపోతున్నాయి

ఇటలీ దర్శకుడు ఫెలీనీ 1973లో తీసిన ‘అమర్‌కోర్డ్’ సినిమాని ఊళ్లో అమ్మావాళ్లకు చూపించాలని సబ్‌టైటిల్స్ మొత్తం తెలుగులో రాశాను. 1930ల నాటి ఇటలీలో ఒక చిన్న ఊరు, బడిలో పిల్లల అల్లరి, చెట్టెక్కి దిగనని మొండికేసే టెయో అనే పాత్ర. మావాళ్లు పడీపడీ నవ్వుతారని నా నమ్మకం.

ఫైల్ ఎస్‌ఆర్‌టీ (మామూలు సబ్‌టైటిల్ ఫైల్), ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్‌లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో చక్కగా కనిపిస్తుంది. అదే పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే అక్షరాల బదులు అన్నీ డబ్బాలే. టీవీ సెట్టింగ్స్‌లో ఎన్‌కోడింగ్ మార్చాను, ఫైల్‌ని బీఓఎమ్‌తో (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పడానికి ఫైల్ మొదట్లో ఉండే గుర్తు) మళ్లీ సేవ్ చేశాను, లాభం లేదు.

ఇక లాభం లేదని ఒక ఉచిత కన్వర్టర్‌తో సబ్‌టైటిల్స్‌ని వీడియో మీదే ముద్రించాను. డబ్బాలు పోయాయి గానీ వత్తులు కలవట్లేదు: ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’, ‘చెట్టు’ కాస్తా ‘చెట్‌టు’. గౌతమి ఫాంట్ పెట్టినా అంతే. ఊళ్లో ల్యాప్‌టాప్ ఉండదు కాబట్టి కేబుల్‌తో కలిపే దారి లేదు.

వత్తులు సరిగ్గా కలిసేలా తెలుగు సబ్‌టైటిల్స్‌ని వీడియోలో ముద్రించడానికి మీరు స్వయంగా వాడి చూసిన సాఫ్ట్‌వేర్ ఏది, ఏ సెట్టింగ్‌తో?