మెరైన్ ట్యాంకు: ఆరు గంటలైనా నీళ్ళు పాలలాగే ఉన్నాయి, ఎవరైనా చెప్పండి

హన్మకొండ సభ్యుడు (ప్రశ్న), రాత్రి 10:20
సాయంత్రం నాలుగింటి నుంచి ఈ ట్యాంకు ముందే కూర్చున్నాను. మెరైన్ ట్యాంకు, అంటే సముద్రపు చేపల తొట్టి, పెట్టడం ఇదే మొదటిసారి. సైజు 36×15×18 అంగుళాలు. లీకు లేదు, స్టాండు గట్టిగానే ఉంది. ఉప్పు వేసి ఆరు గంటలైంది, నీళ్ళు ఇంకా పాలలాగే ఉన్నాయి. అడుగున తెల్లగా పిండిలా పేరుకుంది. కలిపితే లేస్తుంది, కరగదు. నీళ్ళ ఉప్పదనం చూసే హైడ్రోమీటర్ 1.015 దగ్గర ఆగిపోయింది. చూసిన ప్రతి వీడియోలో 1.025 రావాలన్నారు. షాపతను ఫోన్ ఎత్తడం లేదు. బడ్జెట్ 20 వేలు అనుకున్నా, 14 వేలు ఇప్పటికే అయిపోయాయి. ఉప్పు డూప్లికేట్ అంటారా? ఇంకా ఎంత వేయాలి? తొందరగా చెప్పండి, చాలా పరేషాన్‌లో ఉన్నా.

కాజీపేట సభ్యుడు, 10:26
ఏ ఉప్పు? ఎన్ని కిలోలు? ఏ నీళ్ళు?

హన్మకొండ సభ్యుడు, 10:29
మెరైన్ సాల్టే అన్నా, వంటింటి ఉప్పు కాదు. మూడు కిలోలు వేశా. మావి ఎలాగూ ఉప్పు నీళ్ళే కదా, అందుకే ప్యాకెట్ మీద రాసినదానికంటే తగ్గించా.

భీమవరం సభ్యుడు, 10:34
వరంగల్ దాకా సముద్రపు నీళ్ళు తెప్పించారా? ఎక్కడివి, సూర్యలంకవా, మచిలీపట్నంవా? ఒడ్డున పట్టిన నీళ్ళను అలాగే ట్యాంకులో పోయకూడదండి. కృష్ణ కలిసే చోటుకు దగ్గరైతే ఉప్పు పలచబడి ఉంటుంది, వానలు పడ్డాక మరీను. వడకట్టాలి, మూతపెట్టి చీకట్లో కొన్నాళ్ళు ఉంచాలి. ఇంకో మాట. 1.015, 1.025 అని చెప్తే మాకు అర్థం కాదు. మా రొయ్యల చెరువుల్లో అందరం పీపీటీలోనే మాట్లాడుకుంటాం. కిలో నీటిలో ఎన్ని గ్రాముల లవణాలు ఉన్నాయన్నదే లెక్క. సముద్రానికి 35. మీది ఎంత?

హన్మకొండ సభ్యుడు, 10:37
సముద్రపు నీళ్ళు కావండి. మా బోరు నీళ్ళు.

భీమవరం సభ్యుడు, 10:39
బోరు నీళ్ళను ఉప్పు నీళ్ళంటే ఎలాగండీ? అది కఠిన జలం. ఉప్పు నీళ్ళు వేరు, కఠిన జలం వేరు. ఇలా మాట మారితే సలహా ఇచ్చేవాళ్ళు తప్పుదారి పడతారు. నేనే పడ్డాను.

కరీంనగర్ సభ్యురాలు, 10:47
ఆయన తప్పేం లేదు సార్. మా వైపు తాగేవి మంచినీళ్ళు, బోరువి ఉప్పు నీళ్ళు. పప్పు ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా "ఉప్పు నీళ్ళు" అంటాం. మా అమ్మమ్మ కాలం నుంచీ ఇదే మాట. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ మాటను నమ్మి తమ్ముడు ఉప్పు తగ్గించాడు.

తమ్ముడూ, టీడీఎస్ మీటర్ (లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపేది) ఉంటే ఒకసారి బోరు నీళ్ళలో పెట్టి చూడండి. ఇంకొకటి, ముందు నీళ్ళు పోసి ఉప్పు వేశారా, ముందు ఉప్పు పోసి నీళ్ళు పట్టారా?

హన్మకొండ సభ్యుడు, 10:55
టీడీఎస్ 1,140 వచ్చింది అక్కా. ఉప్పు ముందే ఖాళీ ట్యాంకులో పోసి మీద పైపు పెట్టా. త్వరగా కలుస్తుందనుకున్నా.

కాజీపేట సభ్యుడు, 10:56
తప్పు. ఎప్పుడూ నీళ్ళలో ఉప్పు వేయాలి.

కరీంనగర్ సభ్యురాలు, 11:12
కాజీపేట అన్న చెప్పిందే. ఎందుకో నేను చెప్తాను, ఎందుకంటే మొదటి ట్యాంకుకు నేనూ ఇలాగే చేసి ఒక రాత్రంతా ఏడ్చాను.

మెరైన్ సాల్ట్‌లో సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉండదు. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ కూడా ఉంటాయి. ఎక్కువ నీళ్ళలో కొద్దికొద్దిగా వేస్తే అన్నీ కరిగి ఉంటాయి. ఉప్పు కుప్ప మీద కొంచెం నీళ్ళు పడగానే అడుగున చాలా చిక్కటి ద్రావణం తయారవుతుంది. అందులో కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నపురాయిలా గట్టిపడతాయి. దానికి తోడు మీ బోరు నీళ్ళలో అవి ముందే దండిగా ఉన్నాయి. వేణ్ణీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పడుతుంది చూడండి, అదే ఇది. ఎన్ని గంటలు తిప్పినా కరగదు. నమ్మకం కుదరకపోతే ఆ పిండి చెంచాడు తీసి నిమ్మకాయ పిండండి. పొంగితే సున్నం.

ఇక లెక్క. టీడీఎస్ 1,140 అంటే లీటరుకు గ్రాము కంటే కాస్త ఎక్కువ. సముద్రంలో 35 గ్రాములు. మీ "ఉప్పు నీళ్ళ" ఉప్పు అందులో ముప్పయ్యో వంతు కూడా కాదు, ఉన్నదీ ఎక్కువగా సున్నమే. మీ ట్యాంకులో ఇసుక, రాళ్ళ చోటు పోను 130 లీటర్లు అనుకుంటే ఐదు కిలోలకు కొంచెం తక్కువ పడుతుంది. మూడు కిలోలకు 1.015 రావడం సరిగ్గానే ఉంది. ఉప్పు డూప్లికేట్ కాదు. పైగా మే నెల, నీళ్ళు వేడిగా ఉంటే హైడ్రోమీటర్ అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది.

హన్మకొండ సభ్యుడు, 11:20
నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది అక్కా. ఇప్పుడేం చేయాలి? రేపు పొద్దున హైదరాబాద్ నుంచి బస్సులో రెండు క్లౌన్ ఫిష్, నాలుగు కిలోల లైవ్ రాక్ (నీళ్ళను శుభ్రం చేసే బాక్టీరియా ఉన్న సముద్రపు రాయి) వస్తున్నాయి. అడ్వాన్స్ ఇచ్చేశా.

కాజీపేట సభ్యుడు, 11:21
రేపా? ఇది ముందు చెప్పాలి కదా. ఇప్పుడే ఆపండి.

మంచిర్యాల సభ్యుడు, 11:33
లైవ్ రాక్ అన్నారు కాబట్టి ఈ మాట చెప్పాలి. మన దేశంలో సముద్రం నుంచి పగడం తీయడం, అమ్మడం, కొనడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2001లో పగడాలను, సముద్రపు గుర్రాలను దాని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్నది కూడా అందులోనే. చచ్చిన పగడం ముక్క అయినా అంతే. షాపులో లైవ్ రాక్ పేరుతో అమ్మేది చాలాసార్లు పగడపు దిబ్బల నుంచి పగలగొట్టిన ముక్కే. మేం కవ్వాల్ అడవి పక్కన ఉన్నవాళ్ళం. అడవి నుంచి రాయి తెచ్చుకోవడం మనకు తప్పనిపిస్తుంది, మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చింది మాత్రం డెకరేషన్ అయిపోతుంది. దయచేసి కొనకండి. సన్నటి రంధ్రాలున్న సిరామిక్ రాయి తీసుకోండి, బాక్టీరియా దాని మీద కూడా స్థిరపడుతుంది. కొంచెం టైం పడుతుంది అంతే.

క్లౌన్ ఫిష్ కూడా హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు మన దేశంలోనే వాటిని పుట్టించే పద్ధతి తయారుచేశారు. హేచరీ చేప మేతకు తొందరగా అలవాటు పడుతుంది కూడా.

హన్మకొండ సభ్యుడు, 11:36
సరే అన్నా, రాయి సంగతి చూస్తా. ముందు ఈ నీళ్ళ సంగతి చెప్పండి. వడకట్టి ఇంకో రెండు కిలోలు వేస్తే పనికొస్తాయా? కిలో ఉప్పు ధర తక్కువ కాదు.

కాజీపేట సభ్యుడు, 11:37
పారబోయండి.

భీమవరం సభ్యుడు, 11:44
పారబోయక్కర్లేదు. చేపలు మాత్రమే పెంచేవాళ్ళకు కాల్షియం కొంచెం తగ్గితే నష్టం లేదు. సున్నం అడుగుకు దిగాక పైనీళ్ళు తీసుకుని ఉప్పు సరిచేసి వాడొచ్చు. 30 పీపీటీ దాటితే క్లౌన్ ఫిష్ బతుకుతుంది.

కరీంనగర్ సభ్యురాలు, 11:58
నేను ఒప్పుకోను సార్. సున్నం ఒక్కటే అయితే మీ మాట నిజమే. బోరు నీళ్ళలో నైట్రేట్ ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో ఎవరు చూశారు? వడకట్టినా అవి పోవు, నీళ్ళు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి. మొదటి ట్యాంకు నీళ్ళు మొదటి రోజే శుభ్రంగా ఉండాలి. మూడు కిలోల ఉప్పు పోతే పోనివ్వండి. తమ్ముడూ, ఆ నీళ్ళు మొక్కల్లో మాత్రం పోయకండి, డ్రైనేజీలో వదలండి.

వీధిలో వాటర్ ప్లాంట్ ఉంటుంది కదా, ఏడు క్యాన్లు తెచ్చుకోండి. టీడీఎస్ 50 లోపు ఉంటే తీసుకోండి. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే అందులో మళ్ళీ మినరల్ కలిపే ఏర్పాటు ఉందేమో చూడండి. నల్లా నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, దాన్ని పోగొట్టే హైపో వేయాలి. శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు నింపి, మోటారు తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడు ఉప్పు వేయండి. ఒక రాత్రి తిరగనివ్వండి. తెల్లారి కొలిచాకే ట్యాంకులోకి.

చేపలు మాత్రం కనీసం నెల ఆగాలి. చేప రెట్ట నుంచి అమ్మోనియా వస్తుంది, దాన్ని తినే బాక్టీరియా ఇంకా మీ ట్యాంకులో పుట్టలేదు. ఒక పచ్చి రొయ్య వేసి వదిలేయండి, అది కుళ్ళితే వచ్చే అమ్మోనియాతో ఆ బాక్టీరియా పెరుగుతుంది. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత బాక్టీరియా దాన్ని మార్చగా వచ్చే నైట్రైట్. రెండూ సున్నాకు దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మిగిలిన ఆరు వేలలో ముందు టెస్ట్ కిట్ కొనండి, లైటు తర్వాత. ఆలోగా జూన్ దాటి ఎండ కూడా తగ్గుతుంది. మన ఎండల్లో స్లాబు కింద గదిలో నీళ్ళు 33 డిగ్రీలకు పోతాయి, వీటికి 26 దగ్గర ఉండాలి. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనే బడ్జెట్ కాదు కాబట్టి నీటి మీద చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఫ్యాన్‌కు నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంత మంచినీళ్ళే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు.

భీమవరం సభ్యుడు, ఉదయం 6:50
మంచినీళ్ళు అంటే ఆర్‌ఓ నీళ్ళు అని రాయండి మేడం. మళ్ళీ మాట మారిపోతుంది.

కరీంనగర్ సభ్యురాలు, 7:05
నిజమే సార్. ఆర్‌ఓ నీళ్ళు. నల్లావి కాదు.

హన్మకొండ సభ్యుడు, మధ్యాహ్నం 1:15
పొద్దున షాపతను దొరికాడు. రాయి వద్దని చెప్పా. చేపలను నెల దాకా తన దగ్గరే ఉంచుతానన్నాడు. నీళ్ళు మొత్తం తీసేసి, గాజు మీది సున్నం వెనిగర్‌తో తుడిచా, కడిగా. ప్లాంట్ క్యాన్ టీడీఎస్ 38 ఉంది. సాయంత్రం డ్రమ్ములో కలుపుతా. థాంక్స్ అక్కా, అందరికీ థాంక్స్. వెనకాల తగిలించే ఫిల్టర్ ఒక్కటే ఉంది, దీనికి సరిపోతుందా?